మే నెల బిల్లు 430 యూనిట్లు: ఏసీ లేదు, గీజరు వెయ్యం, కరెంటు ఎక్కడ పోతోంది? (అనంతపురం)

మిద్దెఇల్లు_అనంత:
ఒకే అంతస్తు ఇల్లు, పైన ఉత్త స్లాబు. అయిదుగురం ఉంటాం. ఫిబ్రవరిలో 190 యూనిట్లు వస్తే మే నెలకు 430 అయింది. ఉన్నవి మూడు పాత ఫ్యాన్లు, కిటికీ దగ్గర కూలరు, సింగిల్ డోర్ ఫ్రిజ్, వాషింగ్ మెషీను, బోరులో 1 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటరు. మీటరే తప్పు తిరుగుతోందని కంప్లైంట్ ఇవ్వాలా? లేకపోతే సోలార్ పెట్టించేస్తే ఈ పీడ వదులుతుందా? కూలరు గాలి తప్ప చల్లదనం ఇవ్వడం లేదు, ఏసీ కొనమని ఇంట్లో ఒకటే పోరు.

వైరింగ్_గుంతకల్లు:
కంప్లైంటు, సోలారు, ఏసీ మూడూ పక్కన పెట్టండి సార్. ముందు మీటరునే అడగండి, అదే చెబుతుంది.

మీటరు ముఖం మీద 3200 ఇంపల్స్ అనో 1600 ఇంపల్స్ అనో ఉంటుంది, అంటే ఒక యూనిట్టుకు అన్ని మిణుకులు. ఒక ఎర్ర లైటు మిణుకుతుంటుంది. 3200 మీటరయితే, రెండు మిణుకుల మధ్య ఎన్ని సెకన్లో చూసి 1125ను దానితో భాగించండి. వచ్చిందే ఆ క్షణంలో ఇల్లు లాగుతున్న వాట్లు. 10 సెకన్లకు ఒకసారి మిణికితే 112 వాట్లన్న మాట. 1600 మీటరుకు 1125 బదులు 2250. మోటరు లాంటి పెద్ద లోడుకు లైటు గబగబా కొడుతుంది కాబట్టి పది మిణుకులకు ఎంత పట్టిందో ఫోను స్టాప్‌వాచ్‌లో చూసి పదితో భాగించుకోండి.

మొదట ఇంటి మెయిన్ ఎంసీబీ (ఇల్లంతటికీ కరెంటు ఆపే స్విచ్చు) దించండి. అప్పుడు ఒక్క మిణుకు కూడా రాకూడదు. వస్తే మీటరుకూ మెయిన్‌కూ మధ్య వైరు లీకవుతోంది, లేదా మీ లైను మీద ఇంకెవరో ఉన్నారు. కంప్లైంటు ఇవ్వాల్సింది అప్పుడు. ఏమీ రాకపోతే మెయిన్ ఎక్కించి, అన్నీ ఆపి, ఒక్కొక్కటే వేసుకుంటూ రాసుకోండి.

ఎందుకింత తంటా అంటే బిల్లు స్లాబుల వల్ల, అంటే వాడకం పెరిగేకొద్దీ యూనిట్టు రేటు పెరుగుతుంది. 2022లో వచ్చిన రేట్లలో మొదటి 30 యూనిట్లు 1.90, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75. ఆ లెక్కన 430 యూనిట్లకు ఎనర్జీ ఛార్జీ ఒక్కటే 2,840. అదే 225 దగ్గర ఆగితే 1,017. మిగతా ఛార్జీలు దీనికి అదనం. మీరు మిగిల్చే ప్రతి యూనిట్టూ పైనుంచే, అంటే 8.75, 9.75 రేటులోంచే తగ్గుతుంది.

బోరుమోటరు_కదిరి:
430లో మూడో వంతు మోటరే తింటోందని నా అనుమానం. ఎండాకాలంలో నీళ్ళు కిందికి దిగుతాయి, మోటరు ఎక్కువసేపు తిరగడం మామూలే. కానీ దానికీ ఒక హద్దుంది. బోరులో నీళ్ళు 300 అడుగుల లోతున ఉంటే, చిన్న మోటరుతో 1000 లీటర్లు పైకి తేవడానికి ఒక యూనిట్టు అటూ ఇటూ పడుతుంది. రెండు దాటితే ఎక్కడో తేడా ఉన్నట్టే.

ట్యాంకు దగ్గర పైపు కింద 20 లీటర్ల బకెట్టు పెట్టి ఎంతసేపట్లో నిండుతుందో చూడండి. మోటరు రోజుకు ఎన్ని గంటలు ఆడుతోందో కూడా రాయండి. నీళ్ళు మొదట బాగా వచ్చి పది నిమిషాలకు గాలి కక్కుతూ సన్నబడితే బోరులో నీళ్ళు చాలడం లేదు. అప్పుడు ధార సన్నబడక ముందే ఆపి, విడివిడిగా వేసుకోవాలి, ఏకబిగిన వేస్తే వైండింగు (మోటరు లోపలి తీగ చుట్ట) కాలుతుంది. మొదటి నుంచీ సన్నగానే వస్తుంటే, మోటరు ఆడుతుండగానే కేసింగు (బోరు గొట్టం) మూత దగ్గర చెవి పెట్టి, లోపల నీళ్ళు పడే చప్పుడు ఉందేమో వినండి. ఫ్లష్ ట్యాంకు కారుతోందేమో కూడా చూడండి: రాత్రి అందులో కాస్త పసుపు కలిపితే తెల్లారేసరికి కమోడ్‌లో రంగు కనబడుతుంది.

కూలరుసీమ_కడప:
ఏసీకి తొందర పడొద్దు. మన ఏప్రిల్, మే ఎండ పొడి ఎండ, కూలరుకు అంతకంటే మంచి కాలం లేదు. కూలరు ఫ్యానూ పంపూ కలిపి 200 వాట్ల చుట్టుపక్కల. 1.5 టన్ను ఇన్వర్టర్ ఏసీ, స్లాబు కింది గదిలో, గంటకు దాదాపు ఒక యూనిట్టు లాగుతుంది. రాత్రి ఎనిమిది గంటలు వేస్తే నెలకు 200 యూనిట్లు దాటుతుంది, అదీ బిల్లులో పై రేటుకు.

చల్లదనం రావడం లేదంటే రెండు చూడండి. ఒకటి, కూలరు వెనక భాగం బయటి గాలినే పీల్చాలి, ఎదుటి కిటికీ నాలుగు వేళ్ళ సందు తెరిచి ఉండాలి. తలుపులన్నీ మూస్తే తడిగాలే తిరిగి తిరిగి గది ఉక్కపోస్తుంది. రెండు, మన బోరు నీళ్ళ ఉప్పు. నీళ్ళు ఆవిరవుతాయి, ఉప్పు మాత్రం తొట్టిలో చిక్కబడి ప్యాడ్ల మీద తెల్లగా గట్టిపడుతుంది. గాలి దూరదు, నీళ్ళు ఒక వారన జారిపోతాయి. హనీకోంబ్ (తేనెపట్టులా గూళ్ళున్న) ప్యాడయితే నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో నానబెట్టి మెత్తటి బ్రష్షుతో రుద్ది కడగండి. గడ్డి ప్యాడయితే మార్చేయడమే. తర్వాత రెండు మూడు రోజులకోసారి తొట్టి పూర్తిగా ఒంపాలి, పైపైన నీళ్ళు పోసుకుంటూ పోతే ఉప్పు అక్కడే ఉంటుంది. జూన్‌లో మబ్బులు పట్టాక పంపు ఆపి ఫ్యాను మాత్రమే వేసుకోండి.

స్లాబు మీద సున్నం కొట్టిస్తే ఇంకా మంచిది. ముందు ఊడ్చి కడిగి, బీటలు పూడ్చి, తడిపి, సాయంత్రం పూట రెండు మూడు చేతులు వెయ్యాలి. దుమ్ము పడి నల్లబడితే పని చెయ్యదు, మధ్యలో కడుగుతుండాలి.

మిద్దెఇల్లు_అనంత:
చూశాను. మెయిన్ దించితే లైటు కొట్టలేదు. 3200 మీటరు. మోటరు ఒక్కటే వేస్తే పది మిణుకులకు 8.5 సెకన్లు. రోజుకు మూడు ముప్పావు గంటలు ఆడుతోంది. బకెట్టు నిండడానికి 4 నిమిషాలు, ధార మొదటినుంచీ ఒకటే తీరు. కేసింగు దగ్గర వింటే లోపల నీళ్ళు పడుతున్న చప్పుడు బాగా వినబడుతోంది. ఫ్యాన్లు ఒక్కొక్కటి 75 వాట్లు.

బోరుమోటరు_కదిరి:
అయితే దొరికింది. 8.5 సెకన్లంటే 1,320 వాట్లు, రోజుకు 5 యూనిట్లు, నెలకు 150. బకెట్టు లెక్కన నిమిషానికి 5 లీటర్లు, రోజంతా కలిపి 1,100 పైచిలుకు. వెయ్యి లీటర్లకు నాలుగున్నర యూనిట్లు పడుతోంది! మోటరు నిండు లోడే లాగుతోంది, అంటే నీళ్ళు తోడుతోంది. పైకి మాత్రం రావడం లేదు. పైపు ఉప్పుతో పూడుకుపోయి ఉంటే లోడు కూడా తగ్గేది. లోపల పైపుకు చిల్లో, జాయింటు వదులో ఉంది, తోడిన నీళ్ళు మళ్ళీ బోరులోకే పోతున్నాయి.

పైపులు పైకి లాగించండి. ప్రతి జాయింటూ చూడమనండి, కేబులు రాసుకున్న చోటా చూడమనండి. ఎలాగూ పైకొస్తుంది కాబట్టి నాన్ రిటర్న్ వాల్వు (నీళ్ళు వెనక్కి జారకుండా ఆపేది) కొత్తది వేయించండి. ప్యానెల్లో కెపాసిటర్ ఉబ్బి ఉంటే ప్లేటు మీద రాసిన విలువకే మార్పించండి, పెద్దది వేస్తే మోటరు వేడెక్కుతుంది.

వైరింగ్_గుంతకల్లు:
మోటరు బాగయితే నెలకు వంద యూనిట్ల పైనే తగ్గాలి. తర్వాత ఫ్యాన్లు. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు (తక్కువ కరెంటు తినే కొత్త రకం) మూడు వేసి రోజుకు 16 గంటలు ఆడితే నెలకు 65 యూనిట్లు మిగులుతాయి. బిగించేటప్పుడు పాత రెగ్యులేటరు తీయించి లైను నేరుగా ఇప్పించండి, అది ఉంటే లోపలి బోర్డు పోతుంది.

సోలారు ఆ తర్వాతే. 2024లో మొదలైన కేంద్రం సోలారు పథకం పీఎం సూర్యఘర్‌లో 2 కిలోవాట్లకు 60 వేలు, 3 లేదా ఆపైన 78 వేలు సబ్సిడీ. మన ఎండకు కిలోవాట్టుకు రోజుకు 4 యూనిట్ల చొప్పున వేసుకోవచ్చు. మే నెల వాడకానికి 3 కిలోవాట్ల పైనే కావాలి, రిపేర్లయ్యాక 2 దాదాపు సరిపోతుంది. బ్యాటరీ లేకుండా కరెంటు లైనుకే కలిపే ఆన్‌గ్రిడ్ సోలారు, కరెంటు పోతే తనూ ఆగిపోతుంది, అది ముందే తెలుసుకోండి. ప్యానెళ్ళు బోరు నీళ్ళతో కడిగితే వెంటనే తుడవాలి, లేకపోతే ఉప్పు మచ్చలు కడతాయి. ఆర్‌వో వదిలేసే నీళ్ళు అసలు వాడొద్దు, వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ.