ఆదిలాబాద్ చలికి చెక్క కాకుండా ఏ నేల మేలు?

కొత్తగడప:
మాది ఆదిలాబాద్. కింది అంతస్తులో మూడు గదులకు నేల మార్పించాలి. ఇప్పుడున్నవి విట్రిఫైడ్ టైల్స్. డిసెంబరు, జనవరిలో పొద్దున్నే కాలు మోపలేం, పది డిగ్రీల లోపు చలి ఇక్కడ మామూలే. అమ్మకు మోకాళ్ల నొప్పులు, పాప ఇప్పుడిప్పుడే పాకుతోంది. టేకు పలకలకు మా స్తోమత చాలదు, పైగా చెదల భయం. లామినేట్, ఎస్‌పీసీ (ప్లాస్టిక్ కలిసిన గట్టి పలకలు), కార్క్ (చెట్టు బెరడుతో చేసే మెత్తటి పలకలు), తాండూరు బండ అంటూ నలుగురు నాలుగు చెబుతున్నారు. వెచ్చగా ఉండాలి, గట్టిగా నిలవాలి. ఏది వేయించమంటారు?

తాండూరుబండ:
ఇందులో ఆలోచించడానికి ఏముంది? తాండూరు బండ వేయించండి. 1988లో నేను వేయించిన బండలు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. మెరుపు తగ్గితే మిషన్ పెట్టి మళ్లీ పాలిష్ చేయించుకోవచ్చు, ఏ ప్లాస్టిక్‌కు ఆ వీలుంది? చలి రెండు నెలలే, ఎండలు నాలుగు నెలలు. మే నెల మధ్యాహ్నం ఆ బండ మీద నడుం వాల్చి చూడండి. చలికాలానికి వరంగల్ జంపఖానా పరుచుకోండి. 2018లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, మన నేతగాళ్లకూ నాలుగు డబ్బులు దొరుకుతాయి.

వరండా:
మోకాళ్ల నొప్పులున్న మనిషి జంపఖానా అంచు కాలికి తట్టుకుని పడితే?

క్లిక్‌లాక్:
ఆయన అడిగింది వెచ్చని నేల, మీరు చెప్పింది ఎండాకాలపు నేల. రాత్రంతా ఒకే గదిలో ఉన్న బండా, చెక్కా ఒకే ఉష్ణోగ్రతలో ఉంటాయి. బండ మన పాదంలోని వేడిని త్వరగా లాగేసుకుంటుంది కాబట్టి చల్లగా తగులుతుంది, చెక్క నెమ్మదిగా లాగుతుంది. గ్రానైట్‌కూ కార్క్‌కూ ఈ విషయంలో తేడా పదుల రెట్లు. ఎస్‌పీసీ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది, కింద అండర్‌లే అనే పల్చటి మెత్తటి పొర వేస్తే ఇంకాస్త నయం. పైపొర 0.5 మిల్లీమీటర్లు ఉన్నది తీసుకోండి, 0.3 ఉన్నది పిల్లలున్న ఇంటికి చాలదు. గోడ దగ్గర చుట్టూ సన్నటి సందు వదలమనండి, లేకపోతే ఎండలకు పలకలు పెరిగి ఒకదాన్నొకటి నెట్టుకుని పైకి లేస్తాయి. చెక్క లేదు కాబట్టి చెదలకు పని లేదు.

తాండూరుబండ:
ఎస్‌పీసీ పలకలో ఎక్కువ భాగం ఏమిటో కూడా చెప్పండి. సున్నపురాయి పొడి! తాండూరు బండ కూడా సున్నపురాయే. రాయిని పిండి చేసి, పీవీసీ కలిపి, మీద టేకు బొమ్మ అచ్చు వేసి మనకే అమ్ముతున్నారు. దానికంటే రాయినే వేసుకుంటే పోలేదా?

క్లిక్‌లాక్:
పీవీసీతో కలిశాక అది రాయిలా వేడి లాగదు. మీ వాదన ప్రకారం సుద్దముక్క మీద కూడా నడవవచ్చు.

శారద_నిజామాబాద్:
నా అనుభవం వినండి. మేం వేయించింది లామినేట్. కొట్లో 'వాటర్‌ప్రూఫ్' అనే చెప్పారు. ఒక రాత్రి వంటింట్లో నీళ్ల ఫిల్టరు గొట్టం ఊడి, తెల్లారేసరికి హాలు దాకా తడి. రెండో రోజుకల్లా పలకల అంచులు పొంగి కాలి వేళ్లకు తగిలేంత లేచాయి. నాలుగు పలకలు మార్చమంటే 'ఆ రంగు ఇప్పుడు రావడం లేదు' అన్నారు. ఆ గట్ల మీదే మంచం జరిపి కప్పిపెట్టుకున్నాం.

క్లిక్‌లాక్:
శారద గారూ, లామినేట్ లోపల ఉండేది నొక్కిన చెక్కపొడి, అందుకే నీళ్లు తాగి పొంగింది. ఎస్‌పీసీ పలక పొంగదు.

తాండూరుబండ:
ఒక్క ప్రశ్నకు జవాబు కావాలి. ఎస్‌పీసీ నేలను బకెట్ నీళ్లు పోసి కడగవచ్చా, లేదా?

క్లిక్‌లాక్:
తడిబట్టతో తుడవవచ్చు.

తాండూరుబండ:
నేనడిగింది అది కాదు. కడగవచ్చా?

క్లిక్‌లాక్:
పలకకు ఏమీ కాదు. నీళ్లు అంచుల్లోంచి కిందికి దిగి పాత టైల్స్ మీద నిలిస్తే వాసన వస్తుంది. కాబట్టి కడగకూడదు.

తాండూరుబండ:
అదీ సంగతి! పండగ పూట కడుక్కోలేని ఇల్లు ఇల్లేనా?

శారద_నిజామాబాద్:
మీ ఇంట్లో ఎవరు కడుగుతారండీ? మా అత్తవారింట్లో తాండూరు బండలే. నిమ్మరసం చుక్క పడినా మెరుపు పోయి మచ్చ మిగులుతుంది. ఒకసారి బాత్‌రూం యాసిడ్ గడప దాటి వస్తే బండ పొంగి నురగ కక్కి తెల్లగా చచ్చిపోయింది. సందుల్లోని నల్లటి మురికిని బ్రష్షుతో గీకింది నేను. పండగకు కడగాలి అనేవాళ్లు చీపురు పట్టినవాళ్లై ఉండాలి.

తాండూరుబండ:
విషయం మాట్లాడండి, ఇంట్లోవాళ్ల జోలికి రావద్దు. మా ఆవిడ ముప్పై ఏళ్లు ఆ బండలు తుడిచింది, ఒక్కనాడూ ఫిర్యాదు చేయలేదు.

శారద_నిజామాబాద్:
చేయలేదా, మీకు వినపడలేదా?

ఎడిసన్_రావు:
మేం న్యూజెర్సీలో పిల్లల గదికి కార్క్ వేయించాం. కాలికి హాయిగా ఉంటుంది. మంచం కాళ్ల కింద గుంటలు పడ్డాయి, కిటికీ ఎండకు రంగు వెలిసింది. అది చాలా వరకు పోర్చుగల్ సరుకు. ఆదిలాబాద్‌లో ఒక పలక పాడైతే దాని జత ఎక్కడ దొరుకుతుందో ముందే చూసుకోండి.

కొత్తగడప:
అందరికీ ధన్యవాదాలు. ఒక మాట ముందే చెప్పాల్సింది. ఖర్చు నాన్నగారి రిటైర్మెంటు సొమ్ములోంచి. ఆయనది తాండూరు బండ పట్టు, 'నా తరవాత కూడా ఉండాలి' అంటారు. ఇల్లు తుడిచేది మా ఆవిడ, ఆమెది ఎస్‌పీసీ పట్టు. ఇద్దరూ వారం రోజులుగా నా ద్వారానే మాట్లాడుకుంటున్నారు. అమ్మను అడిగితే 'మీ ఇష్టం' అంటుంది.

తాండూరుబండ:
డబ్బు ఇచ్చే మనిషి మాటకు విలువ లేదా? నా సంగతే చెబుతాను. నేను వేయించిన ఆ బండల మీద మా అబ్బాయి నిరుడు ఎస్‌పీసీ పరిపించాడు. నేను తీర్థయాత్రకు వెళ్లి వచ్చేసరికి పని అయిపోయింది. ఒక్క మాట అడగలేదు. బండలు కిందే ఉన్నాయి, ఏమీ కాలేదు. కానీ అడగాలి కదా!

క్లిక్‌లాక్:
అయితే మీ గొడవ మీ అబ్బాయితో. ఎస్‌పీసీ ఏం చేసింది మధ్యలో?

వరండా:
ఇంతకీ అది వెచ్చగా ఉందా సార్?

తాండూరుబండ:
నేను చెప్పులు వేసుకుని నడుస్తాను.

మేస్త్రి_కొడుకు:
కింది అంతస్తు అన్నారు, చెమ్మ సంగతి ఎవరూ అడగలేదు. ఒక టైలు లేపి, కింద సిమెంటు మీద పాలిథిన్ ముక్క పరిచి నాలుగు అంచులకూ టేపు అంటించండి. ఒకటి రెండు రోజుల తరవాత లోపలి వైపు నీటి బొట్లు కనిపిస్తే ముందు దానికి మందు చూడాలి. ఇంకో సంగతి. టైల్స్ పగలగొట్టకుండా మీద బండ వేస్తే మాలుతో కలిపి నేల రెండు అంగుళాల దాకా లేస్తుంది, తలుపులన్నీ కోయాలి. ఎస్‌పీసీ అయిదారు మిల్లీమీటర్లతో పోతుంది. తలుపుల కింద ఖాళీ ఎంతుందో కొలిచి రాయండి.

కొత్తగడప:
మిగతా వాటికి ఇబ్బంది లేదు. పూజగది తలుపు మాత్రం ఇప్పటికే నేలకు రాసుకుంటోంది.

తాండూరుబండ:
అక్కడైనా టైల్స్ తీయించి బండ వేయించండి.