మా అంగన్‌వాడీ టీచరమ్మ గుర్తుగా ఏం చేస్తే బాగుంటుంది?

మా ఊరి అంగన్‌వాడీ టీచరమ్మ పోయిన ఏడాది చనిపోయారు. వచ్చే నెల సంవత్సరీకం. ఆవిడ దగ్గర పెరిగిన మేం కొందరం కలిసి 20 వేలు పోగేశాం.

శిలాఫలకం పెడదామని కొందరు అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. ఆవిడ చింతగింజలతో లెక్కలు నేర్పారు, వీరి వీరి గుమ్మడిపండు ఆడించారు. మూడేళ్ల పిల్లల్ని పలక పట్టమని ఎప్పుడూ బలవంతపెట్టలేదు, ముందు ఇసుకలో వేలితో గీయనిచ్చేవారు. నెలకోసారి బరువు తూచాక గ్రోత్ చార్టు పట్టుకుని అమ్మలందర్నీ చుట్టూ కూర్చోబెట్టేవారు. చార్టులో చుక్క ఆకుపచ్చ రంగులోంచి పసుపులోకి జారితే, అంటే బరువు తగ్గితే, మా అమ్మకు ఒకటే టెన్షన్. టీచరమ్మ మాత్రం తిట్టకుండా, "రాత్రి ఏం పెట్టావమ్మా?" అని మొదలుపెట్టేవారు. పిల్లల్ని కొట్టకుండా దారికి తెచ్చుకోవడం నాన్నలకు కూడా చెప్పేవారు. (మా నాన్న వినలేదు, అది వేరే సంగతి.)

అంగన్‌వాడీలు నడిచేది ఐసీడీఎస్ అనే ప్రభుత్వ పథకం కింద. 1975 అక్టోబరు 2న మొదలైన ఈ పథకంలో తల్లులకు పోషణ, ఆరోగ్యం గురించి చెప్పడమూ భాగమే. ఊళ్లో చాలామందికి మాత్రం అంగన్‌వాడీ అంటే గుడ్లు, పిల్లలకిచ్చే బాలామృతం పొడి మాత్రమే.

అంగన్‌వాడీ కేంద్రానికి ఏటికొప్పాక లక్కబొమ్మలు ఇద్దామని నా ఆలోచన. చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటారు కదా, సహజ రంగులవే అని కొనేటప్పుడు ఎలా తెలుసుకోవాలి? బొమ్మలు ఇవ్వడానికి అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌ని అడిగితే సరిపోతుందా, ఆవిడ పైఅధికారి సీడీపీఓకి అర్జీ పెట్టాలా? ఇంకొకటి, టీచరమ్మ పాడిన పాటలు అమ్మల చేత పాడించి ఫోన్లో రికార్డు చేస్తుంటే ఫ్యాన్ చప్పుడే ఎక్కువ వస్తోంది. ఇలాంటివి చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.