రిక్యూ టీ పరంపరకు అసలు వారసులెవరు?

చిట్టిబాబు:
జపాన్ టీ వేడుక గురువు సెన్ నో రిక్యూ పేరు చెప్పుకునే, ఆ విద్య నేర్పే ఇళ్లు క్యోటోలో మూడున్నాయి: ఒమోతెసెంకె, ఉరసెంకె, ముషకోజిసెంకె. మూడూ రిక్యూనే మొదటి తరం అంటాయి. రెండో తరం షోఆన్. ఆయనేమో రిక్యూ కన్న కొడుకు కాదు, రెండో భార్య సోఓన్ వెంట వచ్చిన పిల్లాడు. సొంత కొడుకు దోఆన్ ఉండగా ఇదేం వంశం? నా ఓటు దోఆన్‌కే.

క్యోటో సుధ:
చిట్టిబాబు గారూ, షోఆన్ పెళ్లాడింది రిక్యూ కూతుర్నే. ఇల్లరికపు అల్లుడనుకోండి. వాళ్లబ్బాయి సోతాన్ (1578–1658) రిక్యూకి కూతురి కొడుకు. మీకు రక్తమే కావాలంటే అదీ ఉంది.

అయినా 1591లో జపాన్ పాలకుడు హిదెయోషి ఆజ్ఞతో రిక్యూ కడుపు చీల్చుకుని చనిపోయాక ఇల్లు చెల్లాచెదురైంది. షోఆన్ ఐజు ప్రాంతంలో అక్కడి ప్రభువు గామో ఉజిసాతో దగ్గర తలదాచుకుని, క్షమాభిక్ష దొరికాక క్యోటో వచ్చి ఇంటిని మళ్లీ నిలబెట్టాడు. దోఆన్ శాఖ నిలవలేదు.

ఉప్పల్ రవి:
మరి మూడిళ్లలో పెద్దది ఏది? ఒమోతె అంటే ముందు, ఉర అంటే వెనక కదా. ముందున్నదే అసలుదా?

క్యోటో సుధ:
అది స్థలం లెక్కండీ, హోదా కాదు. సోతాన్ ముందువైపున్న టీ గది ఫుషిన్ఆన్‌ని మూడో కొడుకు సోసాకి ఇచ్చి, వెనక కొన్నిచిఆన్ అనే ఇంకో టీ గది కట్టుకుని నాలుగోవాడు సోషిత్సుతో ఉన్నాడు; ముందుది ఒమోతె, వెనకది ఉర. పెద్దవాణ్ణి ఇంట్లోంచి పంపేశాడు. రెండోవాడు సోషు లక్కపని చేసే ఇంటికి దత్తతెళ్లి, తర్వాత తిరిగొచ్చి ముషకోజి వీధిలో ఇల్లు పెట్టాడు. వయసే కొలతైతే ముషకోజి వాళ్లే పెద్ద!

నేను నేర్చుకునేది ఉరసెంకెలో. పచ్చ టీ పొడిని వేణ్ణీళ్లలో గిలక్కొట్టాక గిన్నె నిండా నురగ రాకపోతే మా టీచర్ తొంగి చూసి ఊరుకుంటారు, ఆ మౌనానికే టెన్షన్. ఒమోతెలో నేర్చుకునే స్నేహితురాలు మాత్రం ఒక పక్కన నెలవంకంత నురగ లేకుండా వదిలేస్తుంది. నా కళ్లకి అది సగం గిలక్కొట్టినట్టుంటుంది, ఆమెకి నాది సబ్బునీళ్లు.

ఉప్పల్ రవి:
ఉరసెంకెలోనూ దత్తతలే కదా? 11వ తరం గెంగెన్‌సాయి మత్సుదైరా అనే ప్రభువుల ఇంటి అబ్బాయి. విదేశీయుల కోసం 1872లో బల్లా కుర్చీల పద్ధతి తెచ్చింది ఆయనే.

క్యోటో సుధ:
అవును, తర్వాతి 12వ తరం కూడా అల్లుడే.

చిట్టిబాబు:
సరే, నా ఓటు సగం వెనక్కి తీసుకుంటున్నా. కన్న కొడుకు లెక్కలోంచి జారిపోవడం మాత్రం ఇంకా మింగుడు పడట్లేదు. పైగా దోఆన్, షోఆన్ ఇద్దరూ 1546లోనే పుట్టారట, అన్న ఎవరో తమ్ముడు ఎవరో!