మానసిక జబ్బు సంగతి గైడ్‌కి చెప్పాలా, వద్దా?

రాత్రిదీపం:
నాకు బైపోలార్ (మనసు అతి హుషారుకీ కుంగుబాటుకీ మధ్య ఊగే జబ్బు) ఉందని తేలి మూడేళ్లయింది. అప్పటికి ఎంఏ సగంలో ఉంది. ఒక సెమిస్టర్ ఆస్పత్రిలోనూ ఇంట్లోనూ గడిచిపోయింది, తర్వాత కూర్చుని పూర్తి చేశాను. ఇప్పుడు పీహెచ్‌డీ సీటు వచ్చింది. ఏడాదిన్నరగా లిథియం అనే మందు మీద నిలకడగా ఉన్నాను. కొత్త గైడ్‌కి మొదట్లోనే చెప్పేయాలా, అవసరం పడ్డప్పుడు చూసుకోవాలా? అమ్మ "నోరు విప్పకు" అంటోంది. డాక్టరుగారు "మీ ఇష్టం" అంటున్నారు. ఇద్దరూ నా మేలు కోరేవాళ్లే, అదే తంటా.

గట్టుమీద:
చెప్పొద్దండీ. నేను చెప్పి చెడ్డాను. నా డిప్రెషన్ గురించి విన్న రోజు గైడ్ ఎంతో బాగా మాట్లాడారు. ఆ తర్వాత సెమినార్‌కి నా పేరు పంపలేదు. "నీకెందుకమ్మా ఆ టెన్షన్" అన్నారు. ఫీల్డ్‌వర్క్ వేరేవాళ్లకి వెళ్లిపోయింది. తిడితే ఎదురు చెప్పేదాన్ని, జాలి పడే మనిషితో ఎలా పోట్లాడను? రేపు ఉద్యోగానికి రికమండేషన్ రాయాల్సిందీ ఆయనే.

గళ్లనోటుబుక్కు:
నేను దాచి చెడ్డాను. నాకు డిప్రెషన్ మందు మార్చారు. అది పని చేయడానికి వారాలు పడుతుంది, వికారం, మగత మాత్రం మొదటి రోజే వచ్చేస్తాయి. ఆ నెలన్నరలో ఒక్క పేజీ రాయలేదు. గైడ్ లెక్కలో నేను బద్ధకస్తుణ్ణి. మనం కారణం చెప్పకపోతే వాళ్లకి తోచిన కారణం వాళ్లే రాసుకుంటారు. ఎలిన్ శాక్స్ స్కిజోఫ్రీనియాతోనే ఆక్స్‌ఫర్డ్‌లో, యేల్ లా స్కూల్‌లో చదివి లా ప్రొఫెసర్ అయ్యారు. 2007లో తన జబ్బు గురించి పుస్తకమే రాశారు.

గట్టుమీద:
నేననేదీ అదే. పుస్తకం వచ్చేనాటికి ఆవిడ ప్రొఫెసర్‌గా స్థిరపడి ఉన్నారు. కే రెడ్‌ఫీల్డ్ జామిసన్ తన బైపోలార్ గురించి 1995లో రాశారు, అప్పటికే ఆ జబ్బు మీద పేరున్న సైకాలజిస్టు. ఒడ్డెక్కాక చెప్పడం వేరు, ఏట్లో ఉండగా చెప్పడం వేరు.

సుద్దముక్క:
నేను గైడ్‌గా పని చేస్తున్న మనిషిని. నిజం చెప్పాలంటే, జబ్బు పేరు చెప్తే దాంతో ఏం చేయాలో నాకు తెలీదు. ఇంటికెళ్లి నెట్‌లో వెతికి, మీకన్నా ఎక్కువ భయపడతాను. అదే "రాత్రంతా మేలుకుని రాయడం నాకు పడదు, అందుకని చాప్టర్లు ముక్కలుగా ముందే ఇస్తాను" అంటే నాకు పని తెలుస్తుంది. బైపోలార్‌లో నిద్ర చెడితే మేనియా, అంటే ఆ అదుపు తప్పిన హుషారు, లేవొచ్చు, కాబట్టి మీరు అడగాల్సిందల్లా నిద్ర. దానికి జబ్బు పేరుతో పని లేదు.

చాలా యూనివర్సిటీల్లో డిజేబిలిటీ ఆఫీసు ఉంటుంది. సర్టిఫికెట్ వాళ్లకివ్వండి. అక్కడి పద్ధతి సరిగ్గా ఉంటే నా దాకా వచ్చేది ఏ వెసులుబాటు ఇవ్వాలో చెప్పే ఉత్తరం ఒక్కటే. ఇదేదో దయ కాదు. 2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందం, 24వ అధికరణంలో, పై చదువుల్లోనూ తగిన సర్దుబాట్లు చేయాలంటుంది. దీర్ఘకాలిక మానసిక సమస్యలూ దాని పరిధిలోవే.

ఒక్కటి మాత్రం బాగున్నప్పుడే చేయండి. మూడు గడువులు దాటాక పెట్టిన సర్టిఫికెట్‌ని కమిటీలో ఎలా చూస్తారో నేను కూర్చుని చూశాను. అన్యాయమే, కానీ అలాగే చూస్తారు.

గళ్లనోటుబుక్కు:
సార్, ఉత్తరం సరే. వారం వారం ఎదురుగా కూర్చునే మనిషికి "ఏదో ఉంది" అని తెలిసి, ఏమిటో తెలియకపోతే ఊహలు మొదలవవా? లిథియం వాడే మా స్నేహితురాలికి చేతులు సన్నగా వణుకుతాయి. వైవాలో "టెన్షన్ పడకు, టెన్షన్ పడకు" అంటూనే ఉన్నారట. అప్పటిదాకా లేని టెన్షన్ అక్కడ మొదలైంది.

గట్టుమీద:
"మందు వల్ల వణుకు" అంటే సరిపోయేది. ఏం మందు అని అడిగితే "అది నా సొంత విషయమండీ". అంతే.

రాత్రిదీపం:
అందరికీ థాంక్స్. రేపు డిజేబిలిటీ ఆఫీసుకి రాస్తున్నాను. నిద్ర గురించి, చాప్టర్ల గురించి గైడ్‌తో మొదటి మీటింగ్‌లోనే మాట్లాడతాను. జబ్బు పేరు ఇప్పుడు కాదు.

ఒక భయం మాత్రం తీరలేదు. మేనియా మొదలైతే చివరగా తెలిసేది నాకే. రాత్రికి నలభై పేజీలు రాస్తాను, అవి అద్భుతమనుకుంటాను. గైడ్ కూడా "భలే ఊపు మీదున్నావే" అంటే? డిపార్ట్‌మెంట్‌లో ఒక్కరికైనా తెలిసుండాలి కదా?

గట్టుమీద:
తెలిసుండాలి. మార్కులు వేయని మనిషిని చూసుకోండి. తోటి స్కాలర్ అయితే మంచిది.

సుద్దముక్క:
తోటి స్కాలర్ మీద అంత బరువు పెట్టడం నాకు నచ్చలేదు. పెట్టినా, ఏం కనిపిస్తే ఎవరికి ఫోన్ చేయాలో రాసివ్వండి. కనిపెట్టడం వరకే తన పని.

రాత్రిదీపం:
రాసిస్తాను సార్. ఓరియెంటేషన్‌లో పక్కన కూర్చున్నమ్మాయి ఒకరున్నారు. ఇంకా పేరైనా అడగలేదు.