గాయనికి పియానో సహకారం: ఎవరిని వినాలి?

ప్రశ్న (గాయని, విజయవాడ):
కర్ణాటక సంగీతం నేర్చుకుని ఇప్పుడు జాజ్ పాటలు సాధన చేస్తున్న నాకు, పక్కన పియానో వాయించేవారి పట్ల గౌరవం రోజురోజుకూ పెరుగుతోంది. నేను ఊపిరి తీసుకునే చోటును ముందే గ్రహించి, అక్కడ మాత్రమే రెండు స్వరాలు పలికించి, నేను మళ్లీ అందుకోగానే తగ్గిపోయే ఆ నేర్పును ఎవరి రికార్డింగుల్లో బాగా వినవచ్చునో దయచేసి చెప్పగలరా?

జవాబు (గుంటూరు):
అమెరికన్ జాజ్ గాయని ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ 1950లోనూ 1954లోనూ ఎలిస్ లార్కిన్స్ పియానో ఒక్కటే తోడుగా చేసిన రికార్డింగులతో మొదలుపెట్టండి. డ్రమ్స్, బేస్ లేనందువల్ల లయభారమంతా ఆయన చేతుల మీదే ఉంటుంది. అయినా పియానో ఎక్కడా గాత్రాన్ని కప్పదు. నా దృష్టిలో ఇంతకు మించిన పాఠం లేదు.

జవాబు (వయొలిన్ కళాకారుడు, విజయవాడ):
బాలమురళీకృష్ణ గారికి మన అన్నవరపు రామస్వామి గారు అందించిన వయొలిన్ సహకారం విన్నవారికి ఈ అనుబంధం కొత్త కాదు. అయితే వయొలిన్ ప్రధానంగా గాయకుణ్ణి అనుసరిస్తుంది. జాజ్ పియానో మాత్రం పాటకు ఆధారమైన కార్డ్స్‌ను (ఒకేసారి పలికే స్వరాల సమూహాలను) అప్పటికప్పుడు మలుస్తూ, గాయని తర్వాత ఎటు వెళ్లవచ్చునో సూచిస్తుంది. ఎల్లాకు ఏళ్ల తరబడి పియానో వాయించిన టామీ ఫ్లానగన్‌ను కూడా తప్పక వినండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. మా పియానిస్టు గారికి కూడా వినిపిస్తాను. చివరి నిమిషంలో శ్రుతి మార్చమన్నా విసుక్కోకుండా వాయించే మనిషి ఆయన.