ఐస్‌కి సహకరించం అనే హక్కు రాష్ట్రానికి ఉందా?

ఫ్రిస్కోబాబాయ్
సూటిగా అడుగుతున్నా. ఇమిగ్రేషన్ అమెరికాలో ఫెడరల్ ప్రభుత్వం పని. కాలిఫోర్నియా మాత్రం 2017లో ఎస్‌బి 54 అనే చట్టం చేసి, లోకల్ పోలీసులు ఐస్‌కి (ICE, ఫెడరల్ ఇమిగ్రేషన్ పోలీసు) చాలా విషయాల్లో చెయ్యి కలపకూడదంది. పైన చట్టం ఉన్నాక కింద రాష్ట్రం 'నా వల్ల కాదు' అంటే ఇక ఆ చట్టం ఎందుకు? మనం ఏళ్లకేళ్లు గ్రీన్‌కార్డు క్యూలో ఉంటూ, ఇల్లు మారితే పది రోజుల్లో కొత్త అడ్రసు చెప్పే ఏఆర్-11 ఫారం నింపుతూ ఒళ్లు దగ్గర పెట్టుకుని బతుకుతున్నాం. దొడ్డిదారిన వచ్చినవాళ్లని రాష్ట్రమే వెనకేసుకొస్తుందా?

బేఏరియాఅక్క
బాబాయ్ గారూ, వెనకేసుకు రావడం ఎక్కడుంది? ఎస్‌బి 54 ఐస్‌ని ఆపదు. వాళ్ల ఏజెంట్లు శాన్‌హోసే వచ్చి పట్టుకుపోవచ్చు. మా పన్నులతో జీతం తీసుకునే పోలీసు ఆ పని చేయడు, అంతవరకే. పెద్ద నేరాలు చేసినవాళ్లను అప్పగించే వీలు కూడా ఆ చట్టంలోనే ఉంది. ట్రంప్ ప్రభుత్వం 2018లో దీనిమీద కోర్టుకెళ్లింది, 2019లో తొమ్మిదో సర్క్యూట్‌ అనే ఫెడరల్ అప్పీల్ కోర్టులో ఓడిపోయింది, 2020లో సుప్రీంకోర్టు అసలు కేసే తీసుకోలేదు.

సెక్షన్‌పిచ్చి
చిక్కంతా మన బుర్రలో ఇండియా రాజ్యాంగం ఉండటం వల్ల. అక్కడ విదేశీయుల వ్యవహారం కేంద్ర జాబితా, పోలీసు రాష్ట్ర జాబితా. కానీ 256వ అధికరణ కింద కేంద్రం రాష్ట్రాలకు ఆదేశాలివ్వచ్చు. అందుకే ఢిల్లీ చెబితే హైదరాబాద్ పోలీసు చేయాల్సిందే అనిపిస్తుంది మనకి.

అమెరికాలో అలాంటి అధికరణ లేదు. తుపాకీ కొనేవాళ్ల పూర్వాపరాలు లోకల్ అధికారులే చూడాలని కాంగ్రెస్ చట్టం చేస్తే మోంటానా, అరిజోనా షెరిఫ్‌లు ఎదురు తిరిగారు. 1997లో సుప్రీంకోర్టులో 5-4తో గెలిచారు. ప్రింట్జ్ కేసు అంటారు. తీర్పు రాసింది ఎవరు? స్కాలియా! తుపాకుల తగాదాలో కన్జర్వేటివ్ జడ్జి రాసిన తీర్పు పట్టుకునే ఇవాళ శాంక్చువరీ నగరాలు, అంటే ఐస్‌కి సహకరించం అనే ఊళ్లు, వాదిస్తున్నాయి. నాకైతే దీన్ని మించిన వినోదం లేదు.

ఇంకా వెనక్కి వెళ్తే 1842 ప్రిగ్ కేసు. పారిపోయిన బానిసలను పట్టివ్వమని రాష్ట్ర అధికారులను బలవంతపెట్టలేమంది కోర్టు. మరుసటి ఏడాదే మసాచుసెట్స్ తన జైళ్లను ఆ పనికి వాడనివ్వనని చట్టం చేసింది.

ఫ్రిస్కోబాబాయ్
బానిసల కేసు తెచ్చి ఇక్కడ అతికించకండి సార్. నా మాటకి జవాబు చెప్పండి. తక్కువ సహకరించడం హక్కైతే, ఎక్కువ చేయడం తప్పెలా అవుతుంది? 2023 డిసెంబర్లో టెక్సస్ గవర్నర్ అబాట్, అక్రమంగా దాటినవాళ్లను రాష్ట్రమే పట్టుకునే ఎస్‌బి 4 చట్టం మీద సంతకం పెడితే, అమల్లోకి రాకముందే ఫెడరల్ జడ్జి ఆపేశాడు. పైవాళ్లు పని చేయకపోతే సరిహద్దు రాష్ట్రం చేతులు కట్టుకుని చూస్తుండాలా?

సెక్షన్‌పిచ్చి
సాయం చేయొద్దని టెక్సస్‌కి ఎవరూ అనలేదు. 1996 నుంచి ఫెడరల్ ఇమిగ్రేషన్ చట్టంలో 287(జి) సెక్షన్ ఉంది, ఒప్పందం రాసుకుని ట్రైనింగ్ తీసుకుంటే లోకల్ పోలీసు ఐస్ అజమాయిషీలో ఆ పని చేయొచ్చు. ఎస్‌బి 4 అది కాదు, పక్కనే సొంత దుకాణం తెరవడం. అక్రమంగా దాటడం రాష్ట్ర నేరం, మెక్సికో వెళ్లిపొమ్మని ఉత్తర్వు ఇచ్చేది రాష్ట్ర జడ్జి. 2024 మార్చి 19న సుప్రీంకోర్టు దానికి దారి వదిలితే ఆ రాత్రే ఐదో సర్క్యూట్ మళ్లీ ఆపింది. ఈలోపే మెక్సికో 'టెక్సస్ పంపేవాళ్లను తీసుకోం' అని ప్రకటించేసింది. ఎవరిని వెనక్కి పంపాలన్నది ఇంకో దేశంతో తేల్చుకోవాల్సిన సంగతి, దాన్ని గవర్నర్ ఒక్కడే ఎలా తేలుస్తాడు?

2012 అరిజోనా కేసులోనూ సుప్రీంకోర్టు 5-3తో చెప్పింది ఇదే దారిలో. కాగితాలు దగ్గర లేకపోవడాన్ని, పర్మిట్ లేకుండా పని చేయడాన్ని రాష్ట్ర నేరాలుగా పెట్టడం చెల్లదంది. మీ వాదన మాత్రం అనాథ కాదు, అందులో స్కాలియా అసమ్మతి తీర్పు నిండా ఉన్నది అదే.

ఓపీటీకుర్రాడు
అన్నా, ఇవన్నీ మనకెందుకు? మనం లీగల్ కదా.

బేఏరియాఅక్క
తమ్ముడూ, నీకే ముందు కావాలి. శుక్రవారం రాత్రి పార్టీ నుంచి వస్తూ డీయూఐలో (తాగి నడపడం) దొరికావనుకో. కౌంటీ జైల్లో వేలిముద్రలు తీస్తారు. అవి ఎఫ్‌బీఐకి, అక్కణ్ణుంచి ఐస్ ఉండే శాఖ హోంల్యాండ్ సెక్యూరిటీకి వెళ్తాయి. ఇది కాలిఫోర్నియాలోనూ ఇంతే, టెక్సస్‌లోనూ ఇంతే, ఏ శాంక్చువరీ చట్టమూ ఆపలేదు. వీసా స్టాంపు రద్దు చేయడానికి శిక్ష పడక్కర్లేదు, అరెస్టు చాలు.

తేడా ఆ తర్వాత. స్టేటస్‌లో లొసుగు కనబడితే ఐస్ జైలుకి డిటైనర్ పంపుతుంది, విడుదల టైము దాటాక ఇంకో 48 గంటల దాకా ఉంచమని. దానిమీద ఉండేది ఐస్ అధికారి సంతకం, జడ్జిది కాదు. అలా పట్టి ఉంచినందుకు ఓరెగాన్‌లో ఒక కౌంటీ 2014లో ఫెడరల్ కోర్టులో ఓడిపోయింది. కాలిఫోర్నియా జైలు దానికోసం ఆగదు. టెక్సస్‌లో 2017 చట్టం ప్రకారం ఆపాల్సిందే.

ఫ్రిస్కోబాబాయ్
అక్కడే నా అసలు పాయింట్ ఉంది. జైల్లో అప్పగిస్తే ఒక్క మనిషితో పోయేది. అప్పగించకపోతే వాళ్లు అపార్ట్‌మెంట్లకీ పార్కింగ్ లాట్లకీ వస్తారు. అప్పుడు ఒకడి కోసం వచ్చి పక్కనున్న నలుగురినీ అడుగుతారు. హక్కు ఉండొచ్చు, కానీ దాన్ని వాడి మీ రాష్ట్రం ఎవరిని కాపాడినట్టు?

బేఏరియాఅక్క
ఇది ఆలోచించాల్సిన మాటే, కాదనను. కానీ రెండోవైపు చూడండి. మొగుడు కొడితే 911 చేయడానికి భయపడే ఆడవాళ్లు మనలోనూ ఉన్నారు, అదీ డిపెండెంట్ వీసా మీద ఉన్నవాళ్లు. వచ్చే పోలీసు, ఐస్ ఒకటేనని తెలిస్తే ఆ ఫోను అసలే చేయరు. నేను వాలంటీర్‌గా ఇలాంటి కాల్స్ తీస్తుంటాను. మొదట అడిగేది 'పోలీసులొస్తే మమ్మల్ని పంపించేస్తారా?' అనే.

కృష్ణాతీరం
రాష్ట్రం మీద అంత ఆశా వద్దు, అంత కోపమూ వద్దు. మిషిగన్‌లో వీసా మోసాలు పట్టడానికి ఫార్మింగ్‌టన్ పేరుతో దొంగ యూనివర్సిటీ పెట్టింది ఫెడరల్ వాళ్లే, 2019లో బయటపడింది. చిక్కుకున్నవాళ్లలో మన తెలుగు పిల్లలు ఎంతమందో అందరికీ తెలుసు.

ఓపీటీకుర్రాడు
సరే, ఇంతకీ జేబులో ఏం పెట్టుకు తిరగాలి? డ్రైవింగ్ లైసెన్స్ చాలదా?

సెక్షన్‌పిచ్చి
చాలదు. 18 దాటినవాళ్లు రిజిస్ట్రేషన్ రుజువు వెంట ఉంచుకోవాలని 1952 నాటి ఫెడరల్ చట్టంలోనే ఉంది. నీకు ఈఏడీ (పని అనుమతి) కార్డు, హెచ్1బి వాళ్లకి ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) ప్రింట్. ఆ ప్రింట్ సరిహద్దు శాఖ సీబీపీ సైట్లో ఉచితంగా వస్తుంది, ఎవరికీ డబ్బులు కట్టకు.