బేబీ స్లీప్ కన్సల్టెంట్ (పసిపిల్లల నిద్ర గురించి అమ్మానాన్నలకి ఫీజు తీసుకుని సలహాలిచ్చేవాళ్లు) అవ్వాలా వద్దా?
మియాపూర్‌లో ఉంటామండి, పాప పుట్టాక జాబ్ మానేశా. ఆర్నెల్లప్పుడు రాత్రికి ఐదుసార్లు లేచేది, రోజూ ఒకే టైమ్‌కి స్నానం, పాలు, లైట్ ఆపేసి జోల, ఇలా అలవాటు చేశాక సెట్ అయింది, అప్పట్నుంచి అపార్ట్‌మెంట్‌లో అమ్మలందరూ నన్నే అడుగుతున్నారు. ఆన్‌లైన్ కోర్స్ చేసి ఇదే పనిగా పెట్టుకుందామా అనిపిస్తోంది, కానీ దీనికి ప్రభుత్వ లైసెన్స్ లాంటిదేం లేదు కదా, మరి సర్టిఫికెట్‌కి డబ్బు పోయడం దండగేమో? 4-12 నెలల పిల్లలకి పగటి నిద్రతో కలిపి 12-16 గంటలు కావాలి అంటే మా అత్తయ్య "ఉయ్యాల ఊపడానికీ ఫీజా" అని నవ్వుతున్నారు. పైగా మన ఇళ్లలో పిల్లలు అమ్మ పక్కనే పడుకుంటారు, పిల్లల్ని ఏడవనిచ్చి, వాళ్లంతట వాళ్లే నిద్రపోయేదాకా వదిలేసే పద్ధతి నాకే నచ్చదు. ఎవరైనా ఈ పని చేస్తున్నారా? ఇక్కడ డబ్బులిచ్చి అడిగేవాళ్లు ఉంటారా, అర్ధరాత్రి వాట్సాప్ మెసేజ్‌లకి కూడా జవాబివ్వాలా?